అచ్చాయమ్మ గిన్నె కింద

వెలుగు పంచమి. అంశం: సాధారణం.

ఆఫీసుకి చూపాల్సిన ఈ దినచర్యలో ఏ రోజుకైనా అంశం సాధారణమనే రాస్తాను. మా ఆఫీసరు పరాంకుశం గారు శీర్షికలు తప్ప ఏమీ చదవరు. చదివి ఉంటే ఈపాటికి నన్ను కిందికి పంపించేసేవారు. కింద అంటే భూమి. అది మా నెత్తి మీదే వేలాడుతుంటుంది, అయినా అందరం కిందనే అంటాం. చంద్రుడి మీద ఒక గుంటలో కాపురాలు పెట్టి, దానికి గుంటపాలెం అని పేరు పెట్టుకున్న జనానికి అంతకు మించి తెలివి ఎక్కడినుంచి వస్తుంది? ఒక పక్షమంతా ఎడతెగని ఎండ, ఇంకో పక్షమంతా ఎడతెగని చీకటి. మాకు ఇక్కడ కలిసొచ్చినవి తిథులు మాత్రమే.

నా పేరు నాంచారి. ఉద్యోగం వస్తు నమోదు. ఊళ్ళో ఉన్న ప్రతి వస్తువునూ అమరికలోకి ఎక్కించడం నా పని. అమరిక అంటే కంపెనీ వారి సాఫ్ట్‌వేర్. దానికి తెలిసిన విద్య ఒక్కటే: ప్రతిదీ ఇంకోదాని లోపల ఉండాలి. చెంచా వంటగది ఫోల్డరులో, వంటగది వసతి ఫోల్డరులో, వసతి గుంటపాలెం వర్గంలో. ప్రతి వస్తువుకీ పైది ఒక్కటే ఉండాలి. రెండు కుదరవు, అసలు లేకపోవడం అంతకన్నా కుదరదు. పైదానికి ఏ నియమాలో లోపలివాటికీ అవే. పైదానికి ఆయుష్షు తీరితే లోపలున్నవన్నీ దాంతోపాటే కొలిమిలోకి పోతాయి.

పోయిన ఏడు పాత స్నానాల గదిని తొలగించారు. ఎవడో బద్ధకస్తుడు రెండు కొత్త నిచ్చెనల్ని ఆ గది ఫోల్డరులో నమోదు చేసి ఉన్నాడు. బంట్రోతులు వచ్చి నిచ్చెనల్ని కూడా పట్టుకుపోయి బూడిద చేశాయి. బంట్రోతులంటే మనుషులు కారు, చక్రాల మీద తిరిగే యంత్రాలు. అమరిక ఏం చెబితే అది చేస్తాయి. పరాంకుశం గారూ అంతే, చక్రాలొక్కటే తక్కువ.

ఇవాళ ఆయన దిగులు మొహంతో నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నాంచారమ్మ గారూ, వంటిళ్ళలో ప్రాణమున్న పదార్థాలు కొన్ని ఉన్నాయటండీ. పులిసేవి, తోడుకునేవి. అవి ఏ ఫోల్డరులోనూ లేవు. గాల్లో వేలాడుతున్నాయి."

"గాల్లో ఎందుకండీ, గిన్నెల్లోనే ఉన్నాయి."

"గిన్నెలు నమోదయ్యాయండీ. గిన్నెల్లో ఉన్నది కాలేదు. నాకు నిద్ర పట్టట్లేదు."

పాపం, నిజంగానే పట్టలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆయన చెడ్డవాడైతే ఏదో ఒకటి చేతిలో పెట్టి పని జరిపించుకునేదాన్ని. మంచివాడితోనే చావొచ్చింది.

వెలుగు అష్టమి. అంశం: సాధారణం.

పెరుగును ఎక్కడ పెట్టాలన్నది మా ఆఫీసులో నడుస్తున్న మహాచర్చ. చర్చ అంటే పరాంకుశం గారు అడగడం, ఆయనే జవాబు చెప్పుకోవడం. పాల కింద పెడదామంటే, పొడి కలిపిన పాలకి అమరికలో ఒక్క రోజే ఆయుష్షు. తోడుకునేలోగానే పెరుగుకి కాలం చెల్లిపోతుంది. గిన్నె కింద పెడదామంటే గిన్నెకి పదేళ్ళు.

"పదేళ్ళ పెరుగు ఎవరు తింటారండీ?" అన్నారాయన చాలా గంభీరంగా.

చివరికి ఆయనకి దారి దొరికింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పెరుగు పాలలోంచి రాదు నాంచారమ్మ గారూ. పెరుగు పెరుగులోంచే వస్తుంది. ఏ పెరుగుతో తోడుపెట్టారో అదే దీనికి పైది. నిన్నటి పెరుగు లోపల ఇవాళ్టి పెరుగు!"

ఇంత అందమైన వరస తన సర్వీసులో చూడలేదట. రోజుకో మెట్టు దిగితే అమరిక కూలబడుతుందని బతిమాలాను. సరే, ఇంటికో గిన్నె చాలునన్నారు. ఏ ఇంటి నుంచి తోడు తెచ్చుకుంటే ఆ ఇంటి గిన్నె కింద ఈ ఇంటి గిన్నె. లోకంలో ఇంకెవరైనా పెరుగుకి ఇలా వంశవృక్షం గీస్తారా? మావాళ్ళు గీస్తారు.

ఇల్లిల్లూ తిరిగాను. పెళ్ళిరోజు గుర్తులేని వాళ్ళకి కూడా తోడు ఎవరింటినుంచి తెచ్చుకున్నారో గుర్తుంది. లీలావతి ఇంటిది మా ఇంటినుంచి వెళ్ళింది. మా ఇంటిది అచ్చాయమ్మ పిన్ని దగ్గరనుంచి వచ్చింది. ఎటు తిరిగి ఎటు వచ్చినా ఊరు ఊరంతా అచ్చాయమ్మ గిన్నె దగ్గరే తేలింది.

అచ్చాయమ్మ మా ఉమ్మడి భోజనశాలలో వంటమనిషి. మొదటి జట్టుతో వచ్చినావిడ. కింద నుంచి ప్రాణమున్నది ఏదీ ఇక్కడికి రానివ్వరు. వచ్చే ప్రతిదాన్నీ ఉడికించి, కాల్చి, చంపి మరీ పంపుతారు. ఆవిడ ఒక చేతిగుడ్డని పెరుగులో ముంచి, ఆరబెట్టి, నడుముకి కట్టుకుని వచ్చేసింది. అది లేకపోతే గుంటపాలెంలో పెరుగు లేదు. మేం నిమ్మరసంతో ప్రయత్నించాం, చింతపండుతో ప్రయత్నించాం. ఇక్కడ అన్నీ ఎంత శుభ్రమంటే పాలు విరుగుతాయే గానీ తోడుకోవు.

ఆవిడ గరిటె తిప్పుతూ నన్ను చూసి నవ్వింది.

"ఏమే నాంచారీ, నా పెరుక్కి కూడా నంబరేత్తారంట గదా?"

"వేస్తారు పిన్నీ. దీనికి పైది ఏంటో చెప్పు."

"దాని పైన మూత ఉంటది. ఇంకేముంటది?"

"మూత కాదు పిన్నీ, ఏ ఫోల్డరులో పెట్టాలి అని."

"నా నడుంకి కట్టుకొచ్చా గదే. నాదని రాసుకో, పో."

పరాంకుశం గారు అలాగే రాయించారు. అచ్చాయమ్మ అనే మనిషి, ఆ కింద ఆమె సొంత సామాను, ఆ కింద ఆమె పెరుగు గిన్నె, ఆ కింద గుంటపాలెం పెరుగంతా. తర్వాత బంట్రోతులు ఇల్లిల్లూ తిరిగి పెరుగు వాసన పట్టుకుపోయాయి. ఇక మంచం కింద దాచినా, మూట కట్టి దూలం మీద పెట్టినా అవి వెతికి పట్టుకుంటాయి. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టే అది బతికింది.

చీకటి విదియ. అంశం: సాధారణం.

మా ఆయన తూకం ఇవాళ. కోటిలింగం గారు మంచు తవ్వే పనిలో ఉండేవారు. తవ్వేటప్పుడు మొహానికి వేసుకునే తొడుగు చిరిగి ఇక్కడి దుమ్ము కడుపులోకి పోయింది. అప్పటినుంచి పెరుగన్నం తప్ప ఏది తిన్నా నిలవదు. డాక్టరు మందులన్నీ వాడించి, చివరికి, "మీ పెరుగే మందమ్మా, అదే పెట్టండి" అని చేతులు దులుపుకున్నాడు. పక్షానికోసారి తూకం. కాటా మీద గీత కన్నా తగ్గితే కిందికి పంపుతారు. పద్నాలుగేళ్ళు ఇక్కడి తేలికకి అలవాటుపడిన గుండె కిందికెళ్తే ఆగిపోతుంది. అలా వెళ్ళినవాళ్ళలో బతికున్నానని కబురు పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇవాళ గీతకి కొంచెం పైనే ఉన్నారు. కాటా దిగి నాకేసి చూసి కన్ను కొట్టారు. ఆయనకి అన్నీ వేళాకోళమే, భయపడే పని మొత్తం నాకే వదిలేశారు.

ఇక ఊరి సంగతి. పరాంకుశం గారు తన పెరుగు వరసని ముచ్చటపడి భోజనశాల గోడ మీద వేయించారు. అంతే, జనానికి పిచ్చి పట్టింది. అచ్చాయమ్మ గిన్నెకి నేరుగా కింద ఉన్నవాళ్ళు తలెత్తుకుని తిరుగుతున్నారు. నాలుగో మెట్టు వాళ్ళు పలకరిస్తే రెండో మెట్టు వాళ్ళు సగం తలే ఊపుతున్నారు. నిన్న మొన్నటిదాకా ఒకే గంగాళంలోంచి మజ్జిగ ముంచుకు తాగిన మొహాలు ఇవి. కింద వదిలేసి వచ్చామనుకున్న రోగాలన్నీ సామాన్లలో ఒక్కటీ మర్చిపోకుండా తెచ్చుకున్నాం.

ఆ పిచ్చి అందరికన్నా లీలావతికి ముదిరింది. గాలి ప్లాంటు చీఫ్ ఇంజనీరు భార్య. మెడ నిటారుగా పెట్టుకుని నా ఆఫీసుకి వచ్చింది.

"చూడండి నాంచారి గారూ, నాకు మీ మీద ఏమీ లేదు. కానీ మా ఇంటి పెరుగు మీ ఇంటి పెరుగు లోపల ఉందంటే వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

"పెరుగు బావుందనుకుంటారు."

"మీకు నవ్వులాటగా ఉంది."

"ఉందండీ."

ఫిర్యాదు రాసిచ్చింది. తన గిన్నె నా గిన్నె కింద ఉండటం తనకి సమ్మతం కాదట. నేను దాన్ని పరాంకుశం గారి దగ్గరికి పంపాను. ఆయన అలవాటు ప్రకారం 'పరిశీలనలో ఉంది' అని రాసి పక్కన పెట్టారు. ఆయన పరిశీలనలో పడ్డది పైకి తేలిన చరిత్ర లేదు.

వెలుగు చవితి. అంశం: సాధారణం.

అచ్చాయమ్మ పిన్ని పోయింది. రెండు వారాలుగా మంచం మీదే ఉంది, తగ్గుతుందనే అనుకున్నాం. ఇవాళ మధ్యాహ్నం వంటగదిలోంచి గిన్నెల చప్పుడు వింటూ, "ఎసరు పొంగుతుంది, చూడండే" అందట, అంతే. నాకు ఏమీ రాయాలని లేదు. ఈ ఊళ్ళో నాకు గౌరవం ఉన్న మనిషి ఆవిడొక్కతే.

వెలుగు షష్ఠి. అంశం: సాధారణం.

ఉదయం అమరిక తెరవగానే ఎర్రగా ఒక నోటీసు. 'అచ్చాయమ్మ: ఫోల్డరు ముగిసింది. లోపలి వస్తువుల తొలగింపు: పెద్దకర్మ రోజు.' మన ఆచారాన్ని గౌరవిస్తున్నామని చెప్పుకోవడానికి కంపెనీ ఆ తేదీ పెట్టింది. పోయినవాళ్ళ సొంత సామానుని ఆ రోజున కాల్చేస్తారు. ఆవిడ సామాను ఏముంది? నాలుగు చీరలు, ఒక దువ్వెన, ఊళ్ళో ఉన్న పెరుగంతా.

పరాంకుశం గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను.

"పెరుగు గిన్నెల్ని ఆవిడ ఫోల్డరులోంచి బయటికి తీసేయండి."

"ముగిసిన ఫోల్డరులోంచి ఏదీ తీయడానికి లేదండీ. పెట్టడానికీ లేదు. అదే కదా ముగియడమంటే."

"మా ఇంటి గిన్నె వరకైనా."

"ముక్కలుగా తీయడం అమరికకి రాదు నాంచారమ్మ గారూ. ఉంచితే మొత్తం, తీస్తే మొత్తం. దాని అందమే అది."

"మా ఆయన చచ్చిపోతారండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలా బాధపడ్డారు. బాధపడి, తొలగింపు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి కోటిలింగం గారికి చెప్పాను. "కిందికెళ్తే వాన చూడొచ్చులే" అన్నారు. ఆ మాటకి నేను గిన్నె విసిరేశాను. ఇక్కడ విసిరిన గిన్నె కూడా నింపాదిగా పడుతుంది, కోపం తీరదు.

వెలుగు దశమి. అంశం: సాధారణం.

పిన్ని పోయినప్పటినుంచి ఊరు మారిపోయింది. ఎవరిని చూసినా మంచితనమే. గోడ మీద పెరుగు వరసని ఎవరో చెరిపేశారు. రెండో మెట్టూ నాలుగో మెట్టూ భుజాల మీద చేతులేసుకుని తిరుగుతున్నాయి. పెరుగు పోతుందని అందరికీ తెలుసు. అయినా దాన్ని ఆపడానికి ఒక్కడూ ఏమీ చేయడు, కలిసి కన్నీళ్ళు పెట్టుకోవడానికి మాత్రం అందరూ తయారు.

ఇవాళ లీలావతి వచ్చింది. ఎదురుగా కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆవిడ తోడుతో బతుకుతూ ఆ తోడు కోసమే కొట్లాడాను. సిగ్గుగా ఉంది నాంచారి గారూ. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఆవిడ ఆత్మ శాంతిస్తుంది."

సరేనని ఉపసంహరణ పేజీ తెరిచాను. అలాంటి పేజీలో కింద ఉండే చిన్న అక్షరాల్ని ఎవరూ చదవరు. ఉద్యోగం కాబట్టి నేను చదివాను. 'ఉపసంహరించిన పక్షంలో, వివాదం కారణంగా ఫోల్డరుపై అమలులో ఉన్న నిలుపుదల తొలగును.'

మళ్ళీ చదివాను. ఫోల్డరు లోపల ఏ ఒక్క వస్తువు మీద వివాదం నడుస్తున్నా, అది తేలేదాకా దాన్నీ దాని పైవాటినీ తొలగించకూడదు. తీస్తే మొత్తం తీయాలి కాబట్టి, ఒకటి ఆగితే మొత్తం ఆగుతుంది. ముగిసిన ఫోల్డరు మీద కొత్త ఫిర్యాదు చెల్లదు. ముగియకముందు పెట్టినది ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ ఈవిడ చింపేయబోతోంది. జన్మలో మొదటిసారి ఈవిడకి బుద్ధొచ్చింది, అది కూడా ఇప్పుడే రావాలా?

"లీలావతి గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఫిర్యాదు తీసేయకండి."

విషయమంతా చెప్పాను. ఆవిడ ముక్కు తుడుచుకుంది.

"అంటే మనం పోట్లాడుకుంటూనే ఉండాలా?"

"ఎప్పటికీ తేలకూడదు. తేలితే ఆ రోజే కొలిమి."

"కోటిలింగం గారి కోసమైతే సరే," అంది. ఆవిడ మా ఆయన పేరు పలకడం అదే మొదలు.

వెలుగు త్రయోదశి. అంశం: సాధారణం.

ముగిసిన ఫోల్డరులో వివాదం మిగిలి ఉంటే, తొలగించే రోజునే దాన్ని విచారించి తేల్చాలట. అందుకని విచారణ పున్నమి రోజున, పెద్దకర్మ భోజనాలయ్యాక. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి విభేదం చెప్పాలి. ఒక చిక్కు ఉంది. వాంగ్మూలం చెప్పేటప్పుడు అమరిక గొంతు వింటుంది. కోపం నిజమైతే వివాదం నిజం. కూడబలుక్కుని ఆడుతున్న నాటకమైతే అక్కడికక్కడే కొట్టేస్తుంది. మనుషుల మాట నమ్మదు, వాళ్ళ గొంతులో వణుకుని నమ్ముతుంది.

అందుకని మా ఇంట్లో సాధన మొదలుపెట్టాం. లీలావతి కనుబొమలు పైకెత్తి, "మీ గిన్నె కింద నా గిన్నె ఉండదు!" అని అరవాలి. అరిచేలోగా నవ్వొస్తుంది. ఆవిడని చూసి నాకూ నవ్వొస్తుంది. మంచం మీదనుంచి కోటిలింగం గారు, "ఇంకాస్త కారం తగలాలమ్మా" అంటారు. ముగ్గురం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. తర్వాత ఆవిడే అన్నం కలిపి ఆయనకి పెట్టింది.

ఆవిడ వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. ఇన్నేళ్ళుగా నాకు ఒళ్ళుమంటగా ఉన్న మనిషి ఇప్పుడు నచ్చడం మొదలుపెట్టింది. సరిగ్గా అవసరం వచ్చినప్పుడు నా కోపం కూడా నన్ను వదిలేసింది. దీన్నేమనాలో తెలియదు.

పున్నమి. అంశం: సాధారణం.

పొద్దున్నుంచే బంట్రోతులు ఇంటింటి నుంచి గిన్నెలు ఎత్తుకొచ్చాయి. భోజనశాల గుమ్మం బయట బండ్ల మీద వరసగా పేర్చాయి. అన్నిటికన్నా ముందు అచ్చాయమ్మ గిన్నె. లోపల అందరూ బల్లల మీద కూర్చున్నారు. కోటిలింగం గారు చివరి బల్ల మీద, గోడకి ఆనుకుని ఉన్నారు.

పరాంకుశం గారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. రాజీ తయారుచేసి తెచ్చానని చెప్పడానికి ఆయన పడుతున్న సంబరం చూస్తే పీక పిసకాలనిపించింది.

"లీలావతి గారి గిన్నె నాంచారమ్మ గారి గిన్నెతో సమానమని, పక్కపక్కన ఉండదగినదని నేను రాస్తాను. ఫోల్డరు ముగిసింది కాబట్టి మార్చడం ఎలాగూ కుదరదు. కానీ న్యాయం జరిగినట్టు రికార్డులో ఉంటుంది. లీలావతి గారూ, సమ్మతమేనా?"

"సమ్మతం కాదు," అంది లీలావతి.

గోడలోంచి అమరిక పలికింది: "గొంతులో సమ్మతి ఉంది."

పరాంకుశం గారు మళ్ళీ చెప్పమన్నారు. ఆవిడ పిడికిళ్ళు బిగించి, ఇంకా గట్టిగా చెప్పింది. గొంతులో సమ్మతే ఉందంది అమరిక. లీలావతి నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, క్షమించమని అడుగుతోంది. బయట బండ్ల చక్రాలు కదిలిన చప్పుడు వినిపించింది. చివరి బల్ల దగ్గర కోటిలింగం గారు తల దించుకున్నారు.

నేను లేచాను. నాకు తెలిసింది ఒకటుంది. దాన్ని ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.

"ఈవిడ కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడి నీళ్ళు పడక ఏది తిన్నా కక్కుకునేది," అన్నాను, అందరికీ వినబడేలా. "అచ్చాయమ్మ పిన్ని ఒక పక్షమంతా పక్కన కూర్చుని, పెరుగన్నం ముద్దలు చేసి తినిపించింది. ఆ పిన్ని మంచాన పడ్డాక ఈవిడ కోసం కబురు పెట్టింది. ఒకసారి కాదు. ఆ కబురు మోసుకెళ్ళింది నేనే. 'వంటవాళ్ళ గదులు వాసనండీ, తర్వాత వస్తాను' అంది. పిన్ని చివరి రోజు వరకూ గుమ్మంకేసి చూసింది. పోయాక వచ్చి నా ముందు ఏడ్చింది. బతికున్న మనిషి దగ్గరికి రావడానికి ముక్కు మూసుకున్న మనిషి, చచ్చిపోయాక పెట్టిన కన్నీళ్ళెందుకు? నా గిన్నె కింద కాదు, ఈవిడ ఏ గిన్నె కిందా ఉండటానికి తగదు."

లీలావతి మొహంలో రక్తం లేదు.

"ఏమన్నావే?" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏకవచనంతో పిలవడం వినలేదు. "నలుగురిలో నిలబెట్టి ఆ మాట అంటావా? నీకు తెలుసా నేను ఎన్ని రోజులు ఆ గుమ్మందాకా వచ్చి తిరిగిపోయానో? ఆవిణ్ణి ఆ మంచంలో చూళ్ళేక పోయానే! వాసనని అబద్ధం చెప్పాను. నీతో రాజీయా? నా ప్రాణం ఉండగా నీతో రాజీ లేదు. నీ నీడ కింద కూడా ఉండను!"

"విభేదం నిజం," అంది అమరిక. "నిలుపుదల కొనసాగును."

పరాంకుశం గారి మొహం వాడిపోయింది. వచ్చే పున్నమికి వాయిదా వేశారు. బంట్రోతులు గిన్నెల్ని వెనక్కి తెచ్చి బల్లల మీద పెట్టాయి. జనం ఎవరి గిన్నె వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. నావంక గానీ లీలావతి వంక గానీ ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక కోటిలింగం గారు, "ఆ మాట అనకుండా ఉండాల్సిందే నాంచారీ" అన్నారు.

"అనకపోతే మీరేం తింటారు?"

ఆయన కంచం పక్కకి జరిపారు. ఈ పూట పెరుగు ముట్టలేదు.

చీకటి విదియ. అంశం: సాధారణం.

పరాంకుశం గారు ఉత్సాహంగా ఉన్నారు. ఇంత కాలం నడిచే వివాదం తన సర్వీసులో రాలేదట, దానికి ప్రత్యేకంగా ఒక ఫోల్డరు తెరిచారు. దానికి పైది ఏం పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. పెరుగు బతకడానికి, ఒక మనిషి బతకడానికి ఇద్దరు ఆడవాళ్ళు ప్రతి పున్నమికీ నిజంగా అసహ్యించుకోవాల్సిన చోటు ఇది. దీన్ని తయారుచేసిన కిందివాళ్ళకీ, దాన్ని చూసి మురిసిపోయే ఈయనకీ, నోరు మూసుకుని గిన్నెలు పట్టుకుపోయిన ఊరికీ దండం పెట్టడం తప్ప ఏం చేయగలను?

కోటిలింగం గారు నిన్నటినుంచి మళ్ళీ పెరుగన్నం తింటున్నారు. ఇవాళ తూకం అయ్యాక లీలావతి ఇంటికి వెళ్ళాను. అసలు మాట చెప్పేద్దామని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. తలుపు కొడితే ఆవిడే తీసింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి రావద్దు."

"ఒక్క మాట చెప్పి పోతాను."

"చెప్పొద్దు," అంది. "పని జరగడం కోసం అన్నావో, నీ మనసులో ఉన్నదే అన్నావో, నాకు చెప్పొద్దు. రోజంతా అదే ఆలోచిస్తున్నాను. ఒకసారి అలా అనిపిస్తుంది, ఒకసారి ఇలా అనిపిస్తుంది. అది తేలిపోతే వచ్చే పున్నమికి నా గొంతు పలకదు. నాకు నటించడం రాదని నీకు తెలుసుగా."

ఆవిడ తలుపు వేయబోతూ ఆగింది.

"తూకం ఎంతొచ్చింది?"

"గీతకి పైనే ఉన్నారు."

"సరే. పో," అని తలుపు వేసింది.

చెప్పడానికి వెళ్ళిన మాట నోట్లోనే ఉంచుకుని ఇంటికొచ్చాను. దాన్ని ఇక్కడ కూడా రాయను.